తార అనే పేరు

మా అన్నయ్య కూతురి బారసాల నాడు, పళ్ళెంలో పరిచిన బియ్యం మీద అన్నయ్య బంగారు ఉంగరంతో ‘తార’ అని రాస్తుండగా, ‘ర’ దగ్గర గింజలు జారి అక్షరం చెదిరిపోయింది. నాయనమ్మ నవ్వి, “చుక్క అని పెట్టుకోరాదూ, మన మాటే కదా” అన్నది.

నక్షత్రమనే అర్థంలో తార సంస్కృత పదం. ఋగ్వేదంలో దీని ప్రాచీన రూపం ‘స్తృభిః’ అని, ఆదిలో సకారంతో కనిపిస్తుంది. గ్రీకు ‘ఆస్తేర్’, లాటిన్ ‘స్తెల్లా’, ఇంగ్లీషు ‘స్టార్’, పారశీక ‘సితారా’ ఆ సకారాన్ని నిలుపుకున్నాయి. మన తార మాత్రం దాన్ని పోగొట్టుకున్నది. మనం సితార అని పిలిచే వాద్యానికి ఈ చుట్టరికం లేదు. అది పారశీకంలో ‘సేహ్’, ‘తార్’, అంటే మూడు తీగలు.

నాకు అన్నిటికంటె నచ్చినది బౌద్ధుల తార. వారు ఈ పేరును ‘తౄ’ ధాతువుతో ముడిపెట్టి, సంసార సాగరాన్ని దాటించే తల్లిగా భావించారు. టిబెటన్లు శబ్దాన్ని విడిచి అర్థాన్నే అనువదించి ‘డోల్మా’ అన్నారు. అక్కడి ఆడపిల్లలకు ఆ పేరు నేటికీ పెడతారు. ఐర్లండులో పూర్వపు రాజుల పీఠమైన తారా కొండ పేరు ప్రాచీన ఐరిష్ ‘తెమైర్’ నుండి వచ్చింది. పోలిక చెవికే, అర్థానికి కాదు.

ఇవన్నీ చెప్పగా నాయనమ్మ ఓపికగా విని, “వాలి భార్య పేరు కూడా తారే” అని గుర్తుచేసింది.