మామ పంపిన నీళ్లు

మా పెద్దమామ నెల్లూరు జిల్లా రాపూరు వైపు, కండలేరు-పూండి కాలువ మీద లస్కరుగా చేసి రిటైరయ్యాడు. రోజూ గట్టు వెంబడి నడవడం, ఎక్కడ గండి పడేలా ఉందో, ఎవరు దొంగచాటుగా మోటారు పెట్టారో చూసి పైవాళ్లకి చెప్పడం లస్కరు పని. మొన్న సంక్రాంతికి మద్రాసు వచ్చాడు. ఆయనకి ఇది ఇప్పటికీ మద్రాసే. మెరీనా బీచికి పోదామంటే తల అడ్డంగా ఊపాడు.

"సముద్రం మాకూ ఉంది గదబ్బయా. ఇరవయ్యేళ్లు నీళ్లు పంపించినాం, అవి యాడ పడతాయో అది చూపీ."

అలా కానుం పొంగల్ నాడు, అంటే మన ముక్కనుమ రోజున, కొళత్తూరులో మా ఇంటి నుంచి, ఆ కాలువ నీళ్లు చేరే పూండి జలాశయానికి కారులో బయల్దేరాం. నేను, మా ఆవిడ, అమ్మాయి, మామ. ఆ రోజు తమిళనాడులో ఇంట్లో కూర్చునేవాళ్లు తక్కువ. అన్నం మూటలు కట్టుకుని ఊరంతా బీచికో, పార్కుకో, చెరువు కట్టకో పోతుంది. మేమూ పులిహోర, పెరుగన్నం కట్టుకున్నాం.

సూటిగా తిరువళ్లూరు మీదుగా పోవచ్చు గానీ, మామ కోసం రెడ్‌హిల్స్, పెరియపాళయం మీదుగా ఊత్తుకోట దారి పట్టాం. జీరో పాయింట్ అక్కడుంది. ఆంధ్రా కాలువ ముగిసి తమిళనాడు కాలువ మొదలయ్యే చోటు అది. కండలేరు నుంచి అక్కడికి 152 కిలోమీటర్లు, అక్కడి నుంచి పూండికి ఇంకో 25. వచ్చే నీళ్లకి లెక్క కట్టేది అక్కడే.

కారు దిగగానే మామ నడక మారిపోయింది. ఇంట్లో మోకాళ్ల నొప్పులని మెట్లు ఎక్కని మనిషి, గట్టు మీద చకచకా పోతున్నాడు. కాలువలో నీళ్లు సగం కంటే తక్కువే ఉన్నాయి. ఆయన వాటికేసి కాకుండా, నీళ్లు ఇంకిపోకుండా కాలువ లోపల వేసిన లైనింగుకేసి చూస్తున్నాడు. మొదట్లో ఇది మట్టి కాలువ. 1996లో మొదటిసారి కృష్ణా నీళ్లు పూండికి చేరినా, దారిలో ఇంకిపోయేవీ, గట్లు జారి ఆగిపోయేవీ ఎక్కువేనట. తర్వాత పుట్టపర్తి సాయిబాబా ట్రస్టు డబ్బుతో గట్లు బాగుచేసి లైనింగ్ వేశారు, 2004కి పని పూర్తయింది. కాలువకి సాయిగంగ అనే పేరు అలా వచ్చింది.

"లైనింగుకి ముందు మాకు నిద్రల్లేవు. వానొస్తే టార్చిలైటు తీసుకోని గట్టు మిందే. మద్రాసోళ్లకి మా పేర్లు తెలీవు గానీ, మేం నిద్రపోతే మీకు నీళ్లు లేవు," అన్నాడు.

మా అమ్మాయికి ఈ లెక్కంతా కొత్త. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర తలా 5 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్లు) తమ కృష్ణా వాటా లోంచి వదులుకుంటే 15 అయ్యాయి. ఎండకి పోయేవి 3 తీసేస్తే ఏడాదికి 12 మద్రాసుకి రావాలి. ఎన్టీఆర్, ఎమ్జీఆర్ ముఖ్యమంత్రులుగా ఉన్నప్పుడు, 1983లో ఈ తెలుగుగంగ పథకానికి శ్రీకారం చుట్టారు. శ్రీశైలం నుంచి వెలుగోడు, బ్రహ్మంసాగర్, సోమశిల, కండలేరు, ఆపైన ఈ కాలువ. "అంటే మనం స్నానం చేసేది శ్రీశైలం నీళ్లతోనా?" అంది పిల్ల. కొంత అవును, కొంత వాననీళ్లు, ఇప్పుడు కొంత శుద్ధి చేసిన సముద్రం కూడా.

పూండి చేరేసరికి పన్నెండు దాటింది. రోడ్డు పొడుగునా బైకులు, షేర్ ఆటోలు, చేపలు వేయించే బండ్లు. ఆ వాసనకి మా ఆవిడ అక్కడే ఆగిపోయింది. మేం ముగ్గురం కట్ట ఎక్కాం. ముందర కనుచూపు మేర నీళ్లు, దూరంగా తెల్లటి గూడబాతుల గుంపు. నాకైతే గుండె నిండినట్టుంది. మామ మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని అటూ ఇటూ చూసి, "ఇంతేనా?" అన్నాడు.

ఆయన తప్పేం లేదు. కండలేరు 68 టీఎంసీల జలాశయం. పూండి నిండితే మూడు టీఎంసీల పైచిలుకు. నీటిమట్టం 35 అడుగులైతే నిండినట్టే. ఏడాదికి రావాల్సిన 12 టీఎంసీలూ వస్తే దీన్ని దాదాపు నాలుగుసార్లు నింపొచ్చు. అందుకే ఇక్కడ నీళ్లు ఆపి ఉంచరు. కాలువల్లో మద్రాసు దగ్గరి చెరువులు చోళవరానికీ, పుళల్‌కీ, చెంబరంబాక్కానికీ పంపిస్తూ ఉంటారు. ఈ మాట చెబితే మామ కాస్త శాంతించి, "అయితే ఇది సత్రం అన్నమాట," అన్నాడు.

కొసస్థలైయారుకి అడ్డంగా కట్టిన డ్యామ్ ఇది. ఆ ఏటిని చిత్తూరు వైపు మనవాళ్లు కుశస్థలి అంటారు. నగరి కొండల్లో పెద్దవాన పడితే ఆ నీళ్లూ ఇక్కడికే. 1939లో మద్రాసు మేయరైన సత్యమూర్తి పట్టుబట్టి సాధించిన డ్యామ్. 1940లో పునాది పడింది, యుద్ధకాలంలోనే పని నడిచి 1944లో పూర్తయింది. ఆయన 1943లోనే పోయాడు. ఇప్పుడిది సత్యమూర్తి సాగర్. ఇది విని మామ ఏమీ అనలేదు, కండువా తీసి మొహం తుడుచుకున్నాడు.

డ్యామ్ కోసం ఇక్కడొక ఊరు ముంపులో పోయింది, ఊండ్రీశ్వరుడి గుడితో సహా. చూపు పోయిన శివభక్తుడు సుందరర్ నాయనారుకి శివుడు ఊతకర్ర ఇచ్చిన చోటంటారు. ఆ గుడిని తీసుకొచ్చి ఒడ్డున మళ్లీ కట్టారు. దగ్గర్లోని అత్తిరంపాక్కంలో 15 లక్షల ఏళ్ల నాటి రాతి పనిముట్లు దొరికాయి, వాటి మ్యూజియం కూడా ఇక్కడుంది గానీ సెలవని తాళం వేశారు.

కట్ట మీద కొంత దూరం నడిచాక అసలు గొడవ మొదలైంది. ఒక పెద్ద కుటుంబం చాపలు పరుచుకుని మూడు రాళ్ల పొయ్యి పెట్టింది. ఆ మూడు రాళ్లూ కట్టకి నీళ్లవైపు పేర్చిన రివిట్‌మెంటు లోంచి ఊడదీసినవి. ఆ చోట మట్టి కనిపిస్తోంది. మామ కళ్లు అక్కడే పడ్డాయి.

"ఎవురయ్యా రాళ్లు పీకింది? అన్నం తినేవాళ్లేనా మీరు?"

నాకు టెన్షన్. పండగ పూట తమిళంలో తిట్లు తినాల్సి వస్తుందనుకున్నాను. తీరా వాళ్లు తెలుగువాళ్లే, గుమ్మిడిపూండి నుంచి వచ్చారు. ఇంటిపెద్ద లేచి, "మూడు రాళ్లకేం అవుతుంది పెద్దాయనా?" అన్నాడు, తమిళం కలిసిన తెలుగులో.

మామ చతికిలబడి చెప్పడం మొదలెట్టాడు. గాలికి అల లేచి వచ్చి కట్టకి కొట్టుకుంటూనే ఉంటుంది. దెబ్బ తినేది రాయి. రాయి లేనిచోట మట్టి తింటుంది. ఇయ్యాళ మూడు రాళ్లు పోతే, పక్కవి వదులై వానాకాలానికి ముప్పై పోతాయి. ఎలుక బొరియ, ఎండ్రకాయ బొక్క, కట్ట మీద మొలిచిన చెట్టు వేరు, ఇవన్నీ నీటికి దారి చూపిస్తాయి. కట్ట కింద ఊట ఉండటం తప్పు కాదు, తేటగా వస్తే పర్వాలేదు. బురదగా వచ్చిందా, కట్ట లోపలి మట్టి కొట్టుకొస్తోందని అర్థం. అప్పుడు లస్కరు పరిగెత్తాలి.

"2021లో కడప జిల్లాలో అన్నమయ్య డ్యామ్ మట్టికట్ట తెగింది, విన్నారా? అయిదు గేట్లలో ఒకటి పనిచెయ్యలా. వరదొచ్చిన రాత్రి ఆ ఒక్కటే యముడైంది. ఊళ్లకి ఊళ్లు కొట్టకపోయినాయి."

ఆ మాటతో అందరూ ఊరుకున్నారు. వాళ్ల కుర్రాళ్లే పొయ్యి ఆర్పి, రాళ్లు చల్లారాక మామ చెప్పినట్టు పొడుగువైపు లోపలికి పెట్టి బిగించారు. ఒకటి కుదరకపోతే ఆయనే తీసి మళ్లీ పెట్టాడు. తర్వాత వాళ్ల సగం ఉడికిన బిర్యానీ కథ కంచికి పోయింది కాబట్టి మా పులిహోర వాళ్లకిచ్చాం, వాళ్ల వేపుడు చేపలు మాకు వచ్చాయి. మారకంలో లాభం మాదే.

తింటూ ఉండగా నాకు 2015 గుర్తొచ్చింది. అప్పుడు సైదాపేటలో, అడయారు ఒడ్డుకి దగ్గర్లో అద్దెకుండేవాళ్లం. డిసెంబర్ 1న చెంబరంబాక్కం నుంచి 29,000 క్యూసెక్కుల దాకా, అంటే సెకనుకి అన్ని ఘనపుటడుగుల నీళ్లు వదిలారు. ఆ రాత్రి అలమర మీద పుస్తకాలు సర్దుకుని మేడ మీదకి పరిగెత్తాం. కట్ట తెగలేదు, తెగకూడదనే వదిలారు. కానీ కింద ఉన్నవాళ్లకి నీళ్లు నీళ్లే. నాలుగేళ్లకే, 2019 ఎండాకాలంలో, అదే చెంబరంబాక్కం నేల నెర్రెలిచ్చి, జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చుకున్నాం.

ముందే ఎందుకు వదలరని అడిగాను మామని.

"ముందే వదిలితే, వాన రాకపోతే ఎండాకాలంలో తిట్టేదెవురు? మీరే గదా. గేటు కాడ కూర్చున్నోడికి రెండు భయాలబ్బయా, ఒకటి నిండుతుందని, ఇంకోటి నిండదని. రెంటికీ జవాబు ఒకటే, పైన వానెంతో ముందే తెలవాల, గేటు ఎత్తంగానే లేవాల, కిందోళ్లకి కబురు పోవాల."

ఇప్పుడు 2021 డ్యామ్ భద్రతా చట్టం ప్రకారం పెద్ద డ్యాములకి వానాకాలం ముందూ, తర్వాతా తనిఖీ తప్పనిసరి. అది చెబితే ఆయన నవ్వి, "మాకు రోజూ తప్పనిసరే," అన్నాడు.

మధ్యాహ్నం షట్టర్ల వైపు వెళ్లాం. షట్టర్లన్నీ మూసే ఉన్నాయి. కింద రాళ్ల మధ్య మడుగులో దిగి కుర్రాళ్లు సెల్ఫీలు తీసుకుంటున్నారు. పోలీసులు అరుస్తుంటే పైకి రావడం, వాళ్లటు తిరగ్గానే మళ్లీ దిగడం. పైకి ప్రశాంతంగా కనిపించే మడుగే ప్రమాదం. గేట్ల కింద నీళ్లు కోసేసిన గుంత ఎంత లోతుంటుందో ఒడ్డు నుంచి తెలీదు. మామ అప్పటికి గొంతు పోగొట్టుకున్నాడు కాబట్టి మా అమ్మాయి అరిచింది, స్కూల్లో నేర్చుకున్న తమిళంలో. ఇద్దరు ఎక్కారు. మిగతావాళ్లు చెయ్యూపారు.

తిరుగుదారిలో రెడ్‌హిల్స్ చేరేసరికి చీకటి పడింది. పుళల్ చెరువు ఇదేనని, 1876 నాటి కట్ట అని, అయిదు నిమిషాలు ఆగి చూద్దామని కారు పక్కకి తీయించాను. మామ తలుపు తియ్యలేదు.

"పొద్దుగూకినాక డ్యూటీ లేనోడు కట్ట ఎక్కగూడదు. పోనీ."