మసి పట్టించక ముందే ఫొటో

ఈరోజు శిక్షణంతా ఒకే తాళపత్రాల కట్ట చుట్టూ తిరిగింది. కెమెరా దగ్గరికి వెళ్లేసరికి మధ్యాహ్నం దాటింది. అలా జరగడమే మంచిది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు డిజిటైజేషన్ అనగానే కెమెరా, స్కానరు గుర్తొస్తాయి. సగం పని కట్ట విప్పడంలోనే ఉందని చేతికి తెలియాలి.

విప్పక ముందే కట్టకు పైనా కిందా ఉండే పలకలు, ముడి, అంచుల వరస అన్నిటికీ ఫొటోలు తీయించాం. తర్వాత తాడు. గట్టిపడిన పాత తాడును లాగితే రంధ్రం దగ్గర ఆకు చిరుగుతుంది. తాటాకులో నారలు పొడుగునా ఉంటాయి కాబట్టి ఆ చీలిక వాటి వెంటే కొసదాకా పోతుంది. అందుకని తాడును పలకకు బయట కత్తిరించి, మిగిలినదాన్ని నిదానంగా జారనివ్వాలి. తీసిన తాడును కూడా కట్ట నంబరు రాసి దాచాలి.

పొడి రాలుతోందంటే పురుగు బతికే ఉండొచ్చు. అలాంటి కట్టను పాలిథిన్ సంచిలో గాలి చొరకుండా మూసి, మైనస్ 20 డిగ్రీల దగ్గర వారం రోజులు ఉంచాలి. బయటికి తీశాక సంచిని ఇంకో 24 గంటలు తెరవకూడదు. వెంటనే తెరిస్తే గాలిలోని తేమ చల్లటి ఆకు మీద నీరై పడుతుంది.

కట్ట మధ్యలో కొన్ని ఆకులు ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఎప్పుడో తడి తగలడమో, నూనె ఎక్కువ పూయడమో దీనికి కారణం. గోటితో ఊడదీస్తే కింది ఆకు పైపొర అక్షరాలతో సహా పై ఆకుకు అంటుకుని వచ్చేస్తుంది. మూత బిగుతుగా పడే పెట్టె అడుగున తడిపిన బ్లాటింగ్ కాగితం పరిచి, నీరు తగలనంత ఎత్తులో జాలీ పెట్టి, దాని మీద ఆకుల్ని ఉంచాలి. గంటకోసారి చూడాలి, రాత్రంతా వదిలేస్తే బూజు పట్టొచ్చు. మెత్తబడ్డాక పలచని వెదురు బద్దను నారల దిశలోనే జొనపాలి. బద్ద ఆగిన చోట చెయ్యీ ఆగాలి. నేర్పడానికి అన్నిటికన్నా కష్టమైనది ఈ ఆగడమే.

శుభ్రం చేయడానికి ముందు మెత్తని బ్రష్, తర్వాత ఇథనాల్, నీరు సమపాళ్లలో కలిపి తడిపి పిండిన దూది. దూదిని రుద్దకూడదు, దొర్లించాలి. ఇది గంటంతో, అంటే మొనదేలిన ఇనుప కలంతో, గీసిన ఆకులకే. శ్రీతాళం అనే మరో రకం తాటి ఆకుల మీద సిరాతో రాసినవాటిని ముందు ఒక మూల చుక్కతో పరీక్షించాలి, రంగు దిగితే తడి జోలికి పోకూడదు.

అందరూ మసి గిన్నె దగ్గర చేరారు. నిమ్మగడ్డి నూనెలో కార్బన్ బ్లాక్ కలిపి, గుడ్డతో పూసి తుడిచేస్తే కనపడని అక్షరాలు తేలి వస్తాయి. చూడటానికి ఎంతో తృప్తిగా ఉంటుంది. కానీ మసికి గంటం గాటేదో, పురుగు కొరికిందేదో తెలియదు. ఒక ఆకులో ‘ద’ కింద చిన్న పురుగు గాటు ఉంది. మసి ఎక్కితే అది ‘ధ’ అవుతుంది. ఆ తర్వాత ఎంత మంచి కెమెరాతో తీసినా ‘ధ’ అనే వస్తుంది, ఎక్కిన మసి పూర్తిగా దిగదు కూడా. కాబట్టి వరస ఇదొక్కటే: దుమ్ము తీసి ఫొటో, తర్వాత మసి, ఆపైన మళ్లీ ఫొటో. రెండూ దాచాలి.

పందొమ్మిదో శతాబ్దంలో సి.పి. బ్రౌన్ పండితుల చేత వేర్వేరు ప్రతులు సరిచూపించి, కాగితం మీద శుద్ధప్రతులు రాయించాడు. ఆ పని వల్ల ఎన్నో కావ్యాలు నిలిచాయి. శుద్ధప్రతిలో చదివినవాళ్ల నిర్ణయం కలిసి ఉంటుంది, ఉండాలి కూడా. ఫొటోలో అది ఉండకూడదు.

మసి లేని ఆకుకు వాలు వెలుగు కావాలి. దీపాన్ని ఆకు మట్టానికి 15, 20 డిగ్రీల ఎత్తులో పెడితే గాట్లలో నీడ పడుతుంది. కొస వైపు నుంచి వెలుగిస్తే నారల నీడలు తగ్గుతాయి, అయితే నిడివి వెంట సాగే గీతలు మాయమవుతాయి. పొడుగంచు వైపు నుంచి వెలుగిస్తే ఆ గీతలు తేలతాయి, నారలు కూడా తేలతాయి. అందుకే ఒక్కో వైపుకు రెండు ఫొటోలు. వంగిన ఆకును గాజుపలకతో అదమకూడదు, విరుగుతుంది.

300 డీపీఐ, అంటే అంగుళానికి 300 పిక్సెళ్లు, చాలదా అని అడిగారు. గంటం గాటు వెడల్పు 0.1 మిల్లీమీటరు అనుకుంటే 300 దగ్గర దానికి దక్కేది ఒక పిక్సెల్ పైచిలుకు, 600 దగ్గర రెండుకు పైగా. 40 సెంటీమీటర్ల ఆకుకు 600 దగ్గర సుమారు 9,450 పిక్సెళ్లు కావాలి. 24 మెగాపిక్సెళ్ల కెమెరా పొడుగు వైపు ఇచ్చేది 6,000. కాబట్టి ఆకును రెండు భాగాలుగా, మధ్యలో కొంత రెంటిలోనూ ఉమ్మడిగా వచ్చేలా తీయాలి. 16 బిట్ టిఫ్‌గా ఒక్కోటీ 144 ఎంబీ. అంటే వాలు వెలుగువి వదిలేసినా, వంద ఆకుల కట్టకు రెండు వైపులా కలిపి మామూలు వెలుగు ఫొటోలే 400, వాటికి 58 జీబీ దాకా. డిస్కులు ముందే లెక్క వేసుకోవాలి, మూడు నకళ్లు ఉండాలి, అందులో ఒకటి వేరే భవనంలో.

ఆకులు వరస తప్పి ఉన్నా, దొరికిన వరసలోనే తీయాలి. ఖాళీ ఆకుల్నీ వదలకూడదు. ఫైలు పేరులో ఆకు సంఖ్యను 001 అని మూడంకెలతో రాయాలి, లేకపోతే కొన్ని చోట్ల 10వ ఆకు 2కు ముందు వచ్చి కూర్చుంటుంది.

చివరి ఆకు మీద లేఖకుడు ‘ప్రభవ’ అని రాశాడు, శకవర్షం లేదు. అది 1807 కావచ్చు, 1867 కావచ్చు. మాసం, తిథి, వారం ఉన్నాయి కాబట్టి పంచాంగ గణితంతో సరిచూడొచ్చు. అది తేలేదాకా కేటలాగులో ‘ప్రభవ’ అనే ఉంటుంది, క్రీస్తుశకం గడి ఖాళీగా వదిలేశాం.