విదేశంలో కారు కొని ఇక్కడ నంబరు వేయించాలంటే

దుబాయ్, దోహా, డల్లాస్‌లో ఉన్నవాళ్లకు జవాబు ఒక్క మాటలో చెప్పొచ్చు: కుదరదు. అక్కడి కార్లకు స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. మన దిగుమతి నిబంధనల ప్రకారం కుడివైపు స్టీరింగ్ ఉన్న కారునే ఇక్కడ రిజిస్ట్రేషన్‌కు తేవాలి. స్టీరింగ్ మార్పించి తెస్తామనే ఏజెంట్ల మాట నమ్మి డబ్బు కట్టకండి. అప్పుడప్పుడూ మన రోడ్ల మీద కనిపించే గల్ఫ్ ప్లేట్ల కార్లు కార్నే అనే పత్రం మీద తాత్కాలికంగా వచ్చినవి. గడువు ఆరు నెలలు, ఆలోగా దేశం దాటించాలి. వాటికి ఇక్కడి నంబరు రాదు.

కాబట్టి ఇది బ్రిటన్, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, సింగపూర్, మలేసియా, జపాన్, దక్షిణాఫ్రికాల్లో ఉన్నవాళ్ల సంగతి. ఉదాహరణకు బ్రిటన్‌నే తీసుకుంటాను.

ఎక్కువమంది పప్పులో కాలేసేది తేదీల దగ్గర. వాడిన కారు తయారై మూడేళ్లు దాటకూడదు. మూడేళ్లు లెక్కేసేది తయారీ తేదీ నుంచి, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి కాదు. కారు తయారయ్యాక డీలరు యార్డులో ఆరేడు నెలలు పడి ఉన్నా ఆ నెలలూ మీ ఖాతాలోకే వస్తాయి. బ్రిటన్ లాగ్‌బుక్ అయిన వీ5సీలో ఉండేది మొదటి రిజిస్ట్రేషన్ తేదీ, దాన్ని చూసి నిశ్చింతగా ఉండొద్దు. తయారీ నెల, సంవత్సరం రాసిచ్చే లేఖ కంపెనీ నుంచి తెప్పించుకోండి. కొనేముందు చేసుకునే చిన్న పరీక్ష ఒకటుంది. సీటుబెల్టును పూర్తిగా బయటికి లాగితే అడుగున కుట్టిన లేబుల్ మీద దాని తయారీ తేదీ ఉంటుంది. బెల్టు ముందు, కారు తర్వాత తయారవుతాయి గనక కారు వయసు ఇట్టే అంచనాకు వస్తుంది. ఆఫీసులో అది రుజువుగా చెల్లదు, మీ తృప్తికి మాత్రమే.

రెండో లెక్క తిరిగొచ్చేవాళ్లది. విదేశంలో వరుసగా రెండేళ్లు ఉండి శాశ్వతంగా వెనక్కి వస్తుంటే, కారు అక్కడ కనీసం ఏడాది మీ స్వాధీనంలో ఉంటే, టైప్ అప్రూవల్ (ఆ మోడల్ మన ప్రమాణాలకు సరిపోతుందన్న ఆమోదం) లాంటి షరతుల్లో సడలింపు దొరుకుతుంది. ఈ రెండూ కలిపి చూస్తే, కొత్త కారు కొన్నవాళ్లకు ఏడాది నిండాక, మూడేళ్లు పూర్తికాకముందు మాత్రమే దారి తెరిచి ఉంటుంది. ఓడ ప్రయాణం, రేవులో ఆలస్యం కూడా అందులోనే సర్దుకోవాలి. రెండున్నరేళ్లు దాటిన కారుతో ఈ పనికి దిగకపోవడం మంచిది.

ఇక డబ్బు. ‘ట్రాన్స్‌ఫర్ ఆఫ్ రెసిడెన్స్‌లో, అంటే నివాసం మార్చుకుని తిరిగొచ్చేవాళ్ల సామాను రాయితీలో, డ్యూటీ ఉండదట కదా’ అని చాలామంది అడుగుతారు. కారు బ్యాగేజీ కిందికి రాదు, డ్యూటీ మొత్తం కట్టాల్సిందే. పైగా మీరు కొన్న ధర మీద కాదు లెక్క. కొత్తగా ఉన్నప్పటి జాబితా ధర తీసుకుని, అందులోంచి ట్రేడ్ డిస్కౌంట్ 15 శాతం తీసి, తర్వాత తరుగుదల వేస్తారు: ప్రతి మూడు నెలలకూ మొదటి ఏడాది 4 శాతం, రెండో ఏడాది 3 శాతం, మూడో ఏడాది రెండున్నర శాతం చొప్పున. తెలిసినవాళ్ల దగ్గర చవగ్గా కొన్నారన్న సంగతిని కస్టమ్స్ లెక్కలోకి తీసుకోదు. మారకపు రేటు కూడా బ్యాంకుది కాదు, కస్టమ్స్ ప్రకటించేది.

జాబితా ధర మన రూపాయల్లో 30 లక్షలు, కారు వయసు రెండేళ్లు అనుకుందాం. డిస్కౌంట్ పోను 25.5 లక్షలు, 28 శాతం తరుగు పోను 18.36 లక్షలు. ఓడ ఖర్చు, బీమా కలిపితే దాదాపు 20 లక్షలు. 2025 బడ్జెట్ తర్వాత వాడిన కార్ల మీద బేసిక్ డ్యూటీ 70 శాతం, వ్యవసాయ మౌలిక సెస్సు 67.5 శాతం. అంటే 27.5 లక్షలు. మొత్తం 47.5 లక్షల మీద ఐజీఎస్టీ (దిగుమతుల మీద వేసే జీఎస్టీ) 40 శాతం, అంటే మరో 19 లక్షలు. 20 లక్షల కారు రేవు దాటేసరికి 66.5 లక్షలు. నాలుగు మీటర్లలోపు పొడవు, 1200 సీసీలోపు పెట్రోలు ఇంజన్ అయితే ఐజీఎస్టీ 18 శాతమే. కానీ అలాంటి చిన్న కారును ఓడెక్కించి తెచ్చే అవసరం ఎవరికుంటుంది? నా లెక్క ప్రకారం ఇక్కడ అమ్మని మోడల్ మీద మనసు పడినవాళ్లకు తప్ప ఇది గిట్టుబాటు కాదు.

అయినా తెస్తామంటే ఓడెక్కకముందే కాగితాలు సిద్ధం చేసుకోవాలి. కొన్న ఇన్వాయిసు, వీ5సీ అసలు ప్రతి, ఏడాది పాటు మీ పేరనే ఉన్నట్టు చూపే బీమా పత్రాలు, పాస్‌పోర్టు ముద్రలు, ప్రీ-షిప్‌మెంట్ తనిఖీ పత్రం. ఇంకా ఐదేళ్లు రోడ్డు మీద తిరగగలదని ఆ తనిఖీ పత్రంలో ఉండాలి. వీ5సీలో పేరున్నంత మాత్రాన మీరు యజమాని అయిపోరు, రిజిస్టర్డ్ కీపర్ (కారుకు బాధ్యులుగా నమోదైనవాళ్లు) అంతే. ఆ మాట ఆ పత్రం మీదే రాసి ఉంటుంది. ఫైనాన్సు మీద కొన్న కారైతే అప్పు తీరేదాకా అది ఫైనాన్సు కంపెనీదే, వాళ్ల అనుమతి లేకుండా ఎగుమతి చేస్తే చిక్కే. వీ5సీలోని శాశ్వత ఎగుమతి భాగాన్ని నింపి బ్రిటన్ వాహన రిజిస్ట్రేషన్ సంస్థ డీవీఎల్ఏకి పంపండి, మిగిలిన పూర్తి నెలల రోడ్డు పన్ను తిరిగొస్తుంది. మిగతా వీ5సీ మాత్రం మీ దగ్గరే ఉండాలి.

ఛాసిస్ నంబరును ప్రతి కాగితం మీదా అక్షరం అక్షరం సరిచూడండి. ఆ పదిహేడింటిలో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిషు అక్షరాలు ఎప్పుడూ ఉండవు. ఎక్కడైనా ఓ కనిపించిందంటే టైపు చేసినవాళ్లు సున్నాను అలా కొట్టారన్నమాట. బిల్ ఆఫ్ లేడింగ్‌లో (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు) ఇలాంటి తప్పు ఒక్కటి పడినా సవరణ వచ్చేదాకా కారు రేవులోనే ఉంటుంది, ఉచిత రోజులు అయిపోతే డెమరేజీ (రేవులో ఉంచినందుకు పడే రుసుము) మీటరు తిరుగుతూనే ఉంటుంది.

బ్రిటన్ కార్లకు స్పీడోమీటరు మరో తలనొప్పి. నిబంధన కిలోమీటర్లలో ఉండాలంటుంది, అక్కడేమో మైళ్లు. డిజిటల్ డిస్‌ప్లే అయితే సెట్టింగ్స్‌లో మార్చేస్తే సరిపోతుంది. ముల్లు తిరిగే డయల్ అయితే పంపకముందే మార్పించండి. మార్పించే రోజు ఓడోమీటరు ఎంత చూపిందో వర్క్‌షాపు బిల్లు మీద రాయించుకోవాలి, లేదంటే సర్వీసు రికార్డుకూ మీటరుకూ పొంతన ఉండదు.

వాడిన కారు దిగాల్సిన రేవు ముంబయి ఒక్కటే. చెన్నై, విశాఖ దగ్గర కదా అని అక్కడికి బుక్ చేస్తే తిప్పలు తప్పవు. దించాక వాహన పరీక్షా సంస్థలైన పుణెలోని ఏఆర్ఏఐ లేదా అహిల్యానగర్ (పాత పేరు అహ్మద్‌నగర్)లోని వీఆర్‌డీఈ పరీక్ష పత్రం అడుగుతారు. కారులో ఇంటి సామాను కుక్కి పంపకండి, తనిఖీలో అదో కొత్త పంచాయితీ. టాంకులో ఇంధనం అడుగున కొద్దిగా మాత్రమే ఉంచి, బ్యాటరీ తీగలు విప్పించండి.

ముంబయి నుంచి హైదరాబాద్‌కో విజయవాడకో కార్ క్యారియర్ మీద తేవడమే సుఖం. ఆర్టీఏ ఆఫీసులో ఫారం 20, డ్యూటీ కట్టిన బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్ దగ్గర దాఖలయ్యే దిగుమతి పత్రం), ఇక్కడి బీమా, విదేశీ రిజిస్ట్రేషన్ రద్దయిన రుజువు, చిరునామా పత్రం ఇవ్వాలి. దిగుమతి కారుకు రిజిస్ట్రేషన్ ఫీజు 5,000 రూపాయలు. లైఫ్ టాక్స్ ముందు అది లెక్కలోకే రాదు. డ్యూటీతో సహా తేలిన విలువ మీద టాక్స్ పడుతుంది గనక, పై ఉదాహరణలో అది పది లక్షలు తేలిగ్గా దాటుతుంది. తిరిగొచ్చినవాళ్ల కారు ఆర్సీ మీద రెండేళ్ల దాకా అమ్మకూడదని రాస్తారు.

పెట్రోలు సంగతి చాలామంది మరిచిపోతారు. ఇక్కడ బంకుల్లో ఇప్పుడు దొరికేది ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపినది. బ్రిటన్‌లో మామూలు పెట్రోలు ఈ10. ఇంధనం మూత లోపలి స్టిక్కరు ఈ10 దగ్గరే ఆగిపోతే, రబ్బరు గొట్టాలు, సీళ్లు తట్టుకుంటాయో లేదో కంపెనీని రాతపూర్వకంగా అడగండి.

ఇలా ఎవరో తెచ్చిన కారును మీరు సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నా ఇదే జాగ్రత్త. భూటాన్ నుంచి దొంగదారిన వచ్చి, నకిలీ కాగితాలతో నంబర్లు పొందిన కార్ల మీద 2025 సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్ సోదాలు జరిగాయి. ఆర్సీ ఒక్కటే చూసి అడ్వాన్సు ఇవ్వకండి. బిల్ ఆఫ్ ఎంట్రీ నంబరు, తేదీ, రేవు పేరు అడిగి, కస్టమ్స్ వారి ఐస్‌గేట్ పోర్టల్‌లో మీరే వెతికి చూసుకోండి.