ఫిజిక్స్‌లో రొటేషన్ చాప్టర్ దగ్గర ఆగిపోతున్నవాళ్ల కోసం

ఈ వేసవి సెలవుల్లో మా చెల్లికి ఇంటర్ ఫిజిక్స్ చెప్పాను, జేఈఈ అడ్వాన్స్‌డ్‌కి చదువుతోంది. ఫార్ములాలన్నీ నోటికొచ్చు. కానీ రింగు, డిస్కు, ఘనగోళం ఒకే వాలుతలం మీద ఒకేసారి వదిలితే ఏది ముందు కిందికొస్తుందే అంటే, ఒక్కోదాని బరువెంత, వ్యాసార్థమెంత అని అడిగింది. ఆ రెండూ అక్కర్లేదు! జారకుండా దొర్లితే గోళం త్వరణం జి సైన్ తీటాలో (జి అంటే గురుత్వ త్వరణం, తీటా అంటే వాలు కోణం) 5/7 వంతు, డిస్కుది 2/3, రింగుది సగమే, ఎందుకంటే రింగులో ద్రవ్యరాశంతా అంచునే ఉండి దాని గతిశక్తిలో సగం తిరగడానికే పోతుంది. బలాలు గీసి, ఘర్షణ ఎటువైపో తనే తేల్చుకుని, టార్క్ (బలం తిప్పే ప్రభావం) సమీకరణం రాసి ఈ మూడూ రాబట్టుకున్నాక గానీ తనకు ఆ చాప్టరంటే టెన్షన్ పోలేదు.

బోర్డు పరీక్షకి డెరివేషన్లు బట్టీపట్టినా మార్కులొస్తాయి. అడ్వాన్స్‌డ్ అలా కాదు, ఒకేరోజు మూడేసి గంటల పేపర్లు రెండు, ఒక్క లెక్కలోనే రెండు మూడు చాప్టర్లు కలిసొస్తాయి. అందుకే రోజుకి వంద బిట్లు చేయించడం మీద నాకు నమ్మకం లేదు. నాలుగు లెక్కలు చాలు, కానీ సొల్యూషన్ చూడకుండా కుస్తీ పట్టాలి, జవాబొచ్చాక మితులు (డైమెన్షన్లు) రెండువైపులా సరిపోయాయా, కోణం సున్నా చేస్తే ఏమవుతుంది అని సరిచూడాలి. పాత పేపర్లు టైమ్ పెట్టుకుని రాయాలి. ఫస్టియర్ పిల్లలకి ఇంకో మాట, ఇంటిగ్రేషన్ మ్యాథ్స్‌లో సెకండియర్‌కి గానీ రాదు, ఫిజిక్స్‌కి మాత్రం ఇప్పుడే కావాలి, కాబట్టి కాలేజీలో చెప్పేదాకా ఆగకండి.