మస్కీకి గుండ్రటి రీలా, లో-ప్రొఫైలా? లీచ్ లేక్ సీజను చిట్టా

మే నెలాఖరు, బల్ల మీద

లీచ్ లేక్ సరస్సు ఉన్న అమెరికా రాష్ట్రం మిన్నెసోటాలో మస్కీ (పైక్ కుటుంబపు పెద్ద వేటచేప) సీజను జూన్ మొదటి శనివారం తెరుచుకుంటుంది. ఆలోపే గాలం కర్రకు బిగించే రీళ్ల లెక్క తేల్చుకోవాలి. ఈసారి పక్కపక్కన పెట్టినవి గుండ్రటి రీలు అంబాసడర్ 6500 సీ3, ఇంకొకటి 400 సైజు లో-ప్రొఫైల్ (కర్రకు ఆనుకుని చదునుగా ఉండే రీలు). రెండింటిలోనూ 80 పౌండ్ల బ్రెయిడ్ (పోగులు అల్లిన దారం). స్పూలుకు (దారం చుట్టుకునే చక్రం) ముందు పది మీటర్ల మోనో (ఒంటిపోగు నైలాన్ దారం) చుట్టి, దాని మీద బ్రెయిడ్ ఎక్కించాలి. నేరుగా బ్రెయిడ్ చుడితే చేప గుంజినప్పుడు దారపు చుట్టంతా స్పూలు మీద జారి తిరుగుతుంది. డ్రాగ్ (చేప గట్టిగా లాగితే దారాన్ని బిగువుతో వదిలే బ్రేకు) పాడైందనుకుని రీలు విప్పేవాళ్లు చాలామంది ఉన్నారు.

పెట్టె మీద గేర్ నిష్పత్తి (హ్యాండిల్ ఒక చుట్టుకు స్పూలు ఎన్ని చుట్లు తిరుగుతుందో) చూసి కొంటే సగమే తెలుస్తుంది. హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే లోపలికి వచ్చే దారం = 3.14 × దారంతో నిండిన స్పూలు వ్యాసం × నిష్పత్తి. వ్యాసం 40 మి.మీ., నిష్పత్తి 5.3 అయితే 67 సెం.మీ. వస్తుంది. 7.1 అయితే 89. దూరంగా విసిరాక వ్యాసం 32 మి.మీ.కి పడిపోతే అదే 5.3 రీలు 53 సెం.మీ. మాత్రమే చుడుతుంది. అంటే ఎర నీళ్లలో పడి, దాని రేకులు తిరగడం మొదలవ్వాల్సిన చోటే రీలు అన్నిటికన్నా నెమ్మదిగా ఉంటుంది. మస్కీ వందల మీటర్లు పరుగెత్తే చేప కాదు. స్పూలు పెద్దదిగా ఉండాలనేది చేప కోసం కాదు, ఈ వ్యాసం నిలబడటం కోసం.

జూన్, బక్‌టెయిళ్లు

రెండు 10వ నంబరు కొలరాడో రేకుల (గుండ్రటి, వెడల్పాటి తిరిగే రేకులు) బక్‌టెయిల్ ఎర నీళ్లలో విపరీతంగా లాగుతుంది. అసలు పరీక్ష ఇదే. లెక్క కోసం లాగుడు 3 కిలోలు, స్పూలు వ్యాసార్ధం 20 మి.మీ. అనుకుందాం. 7.1 గేరు, ఇరుసు నుంచి 45 మి.మీ. దూరంలో పిడి ఉన్న మామూలు హ్యాండిల్ అయితే చేతి మీద దాదాపు 9.5 కిలోలు పడుతుంది. పిడిని 65 మి.మీ.కి జరిపే పవర్ హ్యాండిల్ వేస్తే 6.6. గేరు కూడా 5.3కి దించితే 4.9. ఘర్షణ కలపకుండానే ఇంత తేడా! రీలు ఆకారం ఇందులో ఎక్కడా రాలేదు చూడండి. ‘గుండ్రటిదే బలం’ అనే మాట పుట్టింది పెద్ద ఇత్తడి గేరు పట్టే చోటు ఒకప్పుడు గుండ్రటి చట్రంలోనే ఉండేది కాబట్టి. ఇప్పుడు 400, 500 సైజు లో-ప్రొఫైళ్లలోనూ ఆ చోటు ఉంది. 300 సైజులో మాత్రం ఈ రేకులు రోజూ లాగించవద్దు. ముందు గేరు పళ్లు గరగరమంటాయి, ఆ తర్వాత పినియన్ (స్పూలును తిప్పే చిన్న గేరు) అరుగుతుంది.

లో-ప్రొఫైల్ గెలిచేది పట్టులో. స్పూలు కర్రకు దగ్గరగా కూర్చుంటుంది కాబట్టి మణికట్టు పక్కకు మెలి తిరగదు. వెంబడించిన చేపను కవ్వించడానికి పడవ పక్కన కర్ర కొసతో ఎనిమిది ఆకారం తిప్పుతున్నప్పుడు బొటనవేలు స్పూలు మీదే ఉంటుంది. చేప పడవ పక్కనే కొరికితే స్పూలును వదిలే బార్ నొక్కి వేలితోనే దారం వదలవచ్చు. గుండ్రటి రీలు పొడవాటి పక్కపలక అరచేతిలో ఇమడక, సాయంత్రానికి బొటనవేలి మొదట్లో నొప్పి తెస్తుంది. చేతులు చిన్నవైతే ఈ ఒక్క కారణంతోనే నిర్ణయం తీసుకోవచ్చు.

జులై ఎండలు, సర్వీసు

నీరు 80 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే పట్టి వదిలిన మస్కీ కోలుకోవడం కష్టం. గాలం ఆపేసి రీళ్లు విప్పే వారాలివి.

గుండ్రటిది ఇక్కడ హాయి. స్క్రూలు తీస్తే పక్కపలక ఊడి వస్తుంది, భాగాలు తేలిగ్గా దొరుకుతాయి. దారం స్పూలుకు ఒక పక్కే పోగవుతుంటే లెవల్‌విండ్ (దారాన్ని స్పూలు మీద సమంగా పరిచే భాగం) కింద ఉండే పాల్ (గాడిలో నడిచే పన్ను) చూడండి. కొస అరిగితే మార్చాలి. చిన్న ముక్కే, పెట్టెలో రెండు అదనంగా ఉంచుకోవాలి. వార్మ్ (లెవల్‌విండ్‌ను నడిపే మరచుట్ల కడ్డీ) గాడిలో ఇసుక ఉంటే కొత్త పాల్ కూడా త్వరగా పోతుంది కాబట్టి ముందు బ్రష్షుతో గాడి కడిగి, పలచటి నూనె చుక్క వేయాలి.

లో-ప్రొఫైల్‌లో విప్పే ముందు ప్రతి దశా ఫొటో తీసుకోవాలి. స్ప్రింగులు ఎగిరిపోతాయి. వన్‌వే క్లచ్ బేరింగులో (హ్యాండిల్ వెనక్కి తిరగకుండా ఆపేది) గ్రీజు అస్సలు వద్దు: రోలర్లు అంటుకుపోయి, కొక్కెం గుచ్చేటప్పుడు హ్యాండిల్ వెనక్కి జారుతుంది. పలచటి నూనె ఒక్క చుక్క చాలు. గ్రీజు గేరు పళ్లకు, కార్బన్ డ్రాగ్ వాషర్లకు మాత్రమే, వాషర్లకైతే డ్రాగ్ గ్రీజే.

అక్టోబరు, బరువైన రబ్బరు ఎరలు

పౌండు బరువుండే రబ్బరు ఎరలకు స్పూలు టెన్షన్ మళ్లీ సర్దాలి. ఎర వదిలితే నెమ్మదిగా దిగి, నేల తాకగానే స్పూలు ఆగాలి. విసిరే ఊపు కుదుపుగా ఉంటే ఏ బ్రేకూ చిక్కు ఆపదు. కర్రను సాగదీసినట్టు విసరాలి.

ఇప్పటికి అమరిక ఇది: గ్లైడ్ ఎరలు (పక్కలకు జారుతూ వెళ్లేవి), జెర్క్ ఎరలు (కర్రతో గుంజుతూ ఆడించేవి), పైనీటి ఎరలు 7కి పైన గేరున్న లో-ప్రొఫైల్ మీద, ఎందుకంటే వాటికి కావలసింది వదులు దారం చప్పున చుట్టడం. పెద్ద రేకులు పవర్ హ్యాండిల్ బిగించిన 5.3 గుండ్రటిదాని మీద. ఒక్క రీలే కొనగలిగితే 400 సైజు లో-ప్రొఫైల్, 6 దరిదాపు గేరు, పొడవు హ్యాండిల్ తీసుకోండి. ట్రోలింగే (కదిలే పడవ వెనక ఎర లాగడం) ప్రధానమైతే క్లిక్కరూ (దారం పోతుంటే చప్పుడు చేసేది) లైన్ కౌంటరూ (ఎంత దారం వదిలామో చూపేది) ఉన్న గుండ్రటిదే.

మంచు పడే ముందు రెండింటి డ్రాగ్ స్టార్లూ (డ్రాగ్ బిగించే నక్షత్రపు చక్రాలు) పూర్తిగా వదులు చేసి దాచాలి. బిగించి వదిలేస్తే వాషర్లు నొక్కుకుపోయి వసంతంలో డ్రాగ్ కుదుపులతో వదులుతుంది.