నెపో కాదు, నెరో

సైప్రస్‌లో ఇంటిపనికి వచ్చేవాళ్లకు ఏజెంట్లు చెప్పే మాట ఒకటే: "అక్కడ అందరికీ ఇంగ్లీషు వచ్చు, భాష గురించి టెన్షన్ పడొద్దు." అబద్ధమేమీ కాదు. 1960 దాకా బ్రిటిష్‌వాళ్ల చేతిలో ఉన్న దేశం. బళ్లు మనలాగే రోడ్డుకు ఎడమ పక్కన నడుస్తాయి, పెద్ద రోడ్ల బోర్డుల మీద గ్రీకుతోపాటు ఇంగ్లీషూ ఉంటుంది. కానీ మన పని రోడ్డు మీద కాదు కదా, ఇంట్లో. ఉప్పు డబ్బా, బ్లీచింగ్ సీసా, పెద్దావిడ మందులు, అన్నిటి మీదా గ్రీకే.

నేను లిమసోల్‌లో ఒక ముసలావిడను చూసుకుంటాను. ఇక్కడ అమ్మమ్మనైనా నాయనమ్మనైనా యాయా అంటారు, నేనూ అలాగే పిలుస్తాను. యాయా మందుల డబ్బాకు ఏడు అరలు, ఒక్కో దాని మీద వారం పేరులో మొదటి అక్షరం. సోమవారానికి డెల్టా, అంటే త్రికోణం. తర్వాత రెండిటి మీదా ఇంగ్లీషు టీ లాంటి అక్షరం. ఆ తర్వాత రెండిటి మీదా లెక్కల్లో చూసిన పై. వరుసలో ఉన్నంతసేపు ఇబ్బంది లేదు. అరలు విడదీసి, కడిగి ఆరబెట్టాక ఏ టీ మంగళవారమో, ఏ టీ బుధవారమో ఎవరు చెప్పాలి? పక్కన పెన్నుతో మం, బు, గు, శు అని రాసుకున్నాను. మేడమ్ చూసి పూల డిజైన్ అనుకుంది.

గ్రీకు అక్షరాలు ఇరవై నాలుగే. గుణింతాలూ ఒత్తులూ దిద్దిన చేతికి ఇదొక లెక్కా అనిపిస్తుంది. పైగా ఆల్ఫా, బీటా, తీటా అన్నీ స్కూల్లో విన్నవే. తీరా ఇక్కడికొస్తే బీటాను వీటా అంటారు, మ్యూను మి అంటారు, పైని పి అంటారు.

వింతగా కనిపించే అక్షరాలతో బాధ లేదు. గుండ్రానికి నిలువుగీత పెట్టిన ఫి ఒకసారి చూస్తే మర్చిపోం, మందుల షాపు బోర్డులో మొదటి అక్షరం అదే. దెబ్బకొట్టేవి ఇంగ్లీషు వేషంలో ఉన్నవి. పెద్దక్షరాల్లో పి కనిపిస్తే అది 'ర'. బి కనిపిస్తే 'వ'. హెచ్ కనిపిస్తే 'ఇ', వై కూడా 'ఇ'యే. నీళ్ల సీసా మీద ఎన్, ఈ, పి, ఓ అని ఉంటే నెపో అని చదివేస్తాం. అది నెరో. బియ్యం ప్యాకెట్ మీద పి, వై, జడ్, ఐ ఉంటే అది రీజి. ఎక్స్ అయితే గొంతులోంచి గీరుకుంటూ వచ్చే 'ఖ'. బ్లీచింగ్ సీసా మీద ఖ్లోరినీ అన్న మాట దాంతోనే మొదలవుతుంది. బట్టలు మెత్తబడటానికి పోసే లిక్విడ్ కూడా అదే అరలో పక్కనే ఉంటుంది కాబట్టి, మేడమ్ నల్ల డ్రెస్సు బాగుండాలంటే ఈ అక్షరం మొదటి రోజే రావాలి.

ఈ పోలిక వాళ్లకీ తెలుసు. గ్రీసులో బండ్ల నంబర్ ప్లేట్ల మీద ఇంగ్లీషులో కూడా ఉన్న రూపాలే, 14 అక్షరాలు మాత్రమే వాడతారు.

ఒక సుఖం ఏమిటంటే, అక్షరాలు వచ్చాక అర్థం తెలియకపోయినా ఏ మాటనైనా పైకి చదివేయొచ్చు, తెలుగులాగే. రాయడం అలా కాదు. 'ఇ' శబ్దం ఒక్కదాన్నే అయిదారు రకాలుగా రాస్తారు, ఎక్కడ ఏదో చూసి గుర్తుపెట్టుకోవాల్సిందే. అందుకేనేమో, మేడమ్ ఫోన్‌లో మెసేజ్ పెడితే గ్రీకునే ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతుంది. తీటా బదులు 8, క్సి బదులు 3. సామాన్ల లిస్టు మధ్యలో 8 చూసి ఎనిమిది ఏం తేవాలా అని తల గోక్కోవాలి.

యాయా వంటల నోటుబుక్కు ఇంకో లోకం. అచ్చుతో మొదలయ్యే ప్రతి మాట నెత్తిన కామా లాంటి గుర్తు, మిగతా చోట్ల రకరకాల గీతలు. 1982లో గ్రీసు ప్రభుత్వం వాటిని తీసేసి, ఎక్కడ నొక్కి పలకాలో చెప్పే ఒక్క గీతను ఉంచింది. యాయా బడి చదువు అంతకు చాలా ముందుది, మన పెద్దవాళ్లు బండి ఱ వదలనట్టు ఆవిడా వాటిని వదల్లేదు. వేలు పెట్టి చూపిస్తూ చదివిస్తుంది. నేను తప్పు చదివితే మహా సంతోషం ఆవిడకి.

విద్యాశాఖ వాళ్లు పెద్దవాళ్లకు గ్రీకు క్లాసులు పెడతారు, కాదనను. మామూలు రోజుల్లో, సాయంత్రం. ఇంట్లోనే ఉండి పనిచేసే మాకు సెలవు ఆదివారం. అందుకే ఏళ్ల తరబడి ఉన్నవాళ్లు కూడా గలగలా మాట్లాడతారు గానీ, జీతం కాగితం చేతిలో పెడితే చదవలేక సంతకం పెట్టేస్తారు. నాకు నచ్చనిది ఇదే.

ఆదివారం పార్కులో మనవాళ్లు కలిసినప్పుడు కొత్తగా వచ్చిన పిల్లలకు నేను ఆల్ఫా నుంచి మొదలుపెట్టను. ముందు ఇంగ్లీషు వేషంలో ఉన్న ఆ అయిదూ. తర్వాత మందుల డబ్బా మీద ఉండేవి, ఆ తర్వాత పర్సులో ఉన్న నోటు తీయమంటాను, యూరో నోటు మీద ఇంగ్లీషు కింద గ్రీకులో కూడా ఎవ్రో అని ఉంటుంది, ఒమేగా అక్కడే నేర్చుకోవచ్చు. క్సి, ప్సి వచ్చే నెలకైనా ఫరవాలేదు.