గండిపేట చుట్టూ మట్టిబాట: గ్రావెల్ సైకిల్‌కి దారి కుదిరిన తీరు

హైదరాబాద్ పక్కనున్న గండిపేట చెరువు చుట్టూ, మట్టిబాటలకు పనికొచ్చే వెడల్పు టైర్ల గ్రావెల్ సైకిల్ మీద తిరిగొచ్చే దారి ఒకటి గీసుకుందామని కూర్చున్నాను. రెండు గీయాల్సి వచ్చింది, వానాకాలానికి ఒకటి, ఎండలకు ఒకటి. దూరం, ఎత్తుపల్లాలు ఇక్కడ పెద్ద లెక్క కాదు. ఏ బాట ఎప్పుడు పనికొస్తుందో చెప్పేవి రెండే: కింది నేల, పక్కనున్న గోడ.

ముందు గోడ సంగతి. 1996లో వచ్చిన 111 జీవో జంట జలాశయాలైన గండిపేట (ఉస్మాన్‌సాగర్), హిమాయత్‌సాగర్‌లకు పది కిలోమీటర్ల లోపు కట్టడాలపై ఆంక్షలు పెట్టింది. నగరం ఇంత దగ్గరికొచ్చినా ఇటువైపు ఇంకా పొలం బాటలు మిగిలాయంటే దాని చలవే. అయినా ఫామ్‌హౌస్ గోడలు లేచాయి, వెంచర్లు పడ్డాయి. ఉపగ్రహ చిత్రంలో నిలువు, అడ్డం గీతలుగా చక్కగా కనిపించేవి వెంచర్ రోడ్లు. వాటిని నమ్ముకుంటే చివర ప్రహరీయో, గొలుసు వేసిన గేటో ఎదురవుతుంది. అసలు బండ్లబాట గట్ల వెంట వంకర్లు తిరుగుతుంది, కుంట దగ్గర పక్కకు జరుగుతుంది, ఏదో ఒక ఊరి నడిబొడ్డుకు చేరుతుంది. గ్రామ నక్షా దొరికితే దానితో సరిచూసుకోవడం మేలు. నక్షాలో ఉన్న బాటను ఎవరైనా మూసినా, ఊరివాళ్లు పక్కనుంచి సందు చేసుకునే ఉంటారు. దాన్ని చూపించేది మాత్రం మనుషులే. "అన్నా, ఈ బాట జన్వాడ దాకా పోతదా?" అని మేకలు కాసేవాళ్లను అడిగితే "పోతది గానీ మధ్యల గేటుంది" అని ఉన్నది ఉన్నట్టు చెప్తారు. ఇట్లా అడిగి తెలుసుకున్న ప్రతి గేటునూ జీపీఎక్స్ ఫైల్లో (ఫోన్లో, జీపీఎస్‌లో దారి చూపే ఫైలు) గుర్తు పెట్టుకున్నాను. ఆరు నెలలకోసారి ఆ గుర్తులు మార్చక తప్పదు.

దారి స్థూలంగా ఇది. నార్సింగి నుంచి గండిపేట, ఖానాపూర్, వట్టినాగులపల్లి, జన్వాడ, మీర్జాగూడ. అక్కడ పడమటివైపు తిరిగి, ఎగువన మూసీ దాటి దక్షిణం ఒడ్డుకు వచ్చి, చిలుకూరు, హిమాయత్‌నగర్ ఊరు, అజీజ్‌నగర్ మీదుగా అప్పా జంక్షన్. ఎన్ని పొలం బాటలు కలుపుకున్నామన్నదాన్ని బట్టి 45 నుంచి 60 కిలోమీటర్లు అవుతుంది. అప్పా జంక్షన్ నుంచి వెనక్కి రావడానికి 2023లో తెరిచిన సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ ఉంది. నానక్‌రామ్‌గూడ వైపు పోయే ఆ 8.5 కిలోమీటర్ల భాగం, ఎండెక్కాక నీడకైనా ఎక్కదగ్గదే.

నీటి అంచు బాటలను మొదటే కొట్టేశాను. అది శిఖం భూమి, అంటే చెరువు నిండితే మునిగే నేల, పైగా తాగునీటి చెరువు. నిండు మట్టానికి (సముద్రమట్టం నుంచి 1790 అడుగులు) నీరు చేరితే ఆ బాటలు మునుగుతాయి. నీరు దిగాక ఒండ్రు పైకి బీటలు వారి గట్టిగా కనిపిస్తుంది, ముందు చక్రం ఎక్కగానే పెళ్లలు విరిగి దిగబడుతుంది.

ఇక నేల. తూర్పు, ఉత్తరాలు చాలామటుకు ఎర్ర చెల్క, మొరం. గట్టి వాన పడ్డా నీరు ఇంకిపోతుంది, మర్నాడు పొద్దున తొక్కొచ్చు. శంకరపల్లి, చేవెళ్ల దిక్కు పోయేకొద్దీ నల్లరేగడి తగులుతుంది. అది ఆరాలంటే మూడు నాలుగు రోజులు మంచి ఎండ కాయాలి. నా ఫోర్కులో 45 మి.మీ. టైరు దాకా పడుతుంది. 40 మి.మీ. టైరుకు ఇరుపక్కలా మిగిలే సందు ఎంత? తడి రేగడి పది బారలు పోకముందే దాన్ని నింపేసి చక్రాన్ని పట్టేస్తుంది. దిగి నెట్టుకుంటూ పోతే ఇంకా అంటుకుంటుంది. నెట్టొద్దు, భుజాన వేసుకోవాలి. గట్టి నేలకు చేరాక పుల్లతోనో టైరు లీవరుతోనో మట్టి గీకేసి, చక్రాన్ని వెనక్కి తిప్పితే మిగిలింది రాలుతుంది. గేరు మార్చే చోట మట్టి ఇరుక్కున్నా బలవంతంగా తొక్కితే హ్యాంగర్ (వెనక గేరు మార్చే భాగాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న ముక్క) విరుగుతుంది. మన ఫ్రేముకు సరిపడే హ్యాంగర్ ఒకటి సంచిలో ఉండాల్సిందే. ఏ ఊళ్లోనూ దొరకదు. వానాకాలపు దారి మీర్జాగూడ దాటాక తారురోడ్డు మీదనే పోవడానికి కారణం ఇదే.

ఎండలప్పుడు బాధ వేరు. పల్లేరు కాయలు వానలకు కాసి, ఆ తర్వాత ఎండి రాలుతాయి, దీపావళి దాటినప్పటి నుంచి బాట అంచుల్లో అవే. సర్కారు తుమ్మ ఏడాది పొడుగునా ఉంటుంది. చేలకు కంచెగా వేసిన కంప నుంచి జారిపడ్డ రెమ్మ ఒక్కటి చాలు, టైరు పక్కగోడ దాటి రిమ్ టేపు దాకా దిగుతుంది. ట్యూబులు వేసుకుని ఈ బాట పట్టడం దండగ. 700×40 ట్యూబ్‌లెస్ టైరుకు 60 మి.లీ. సీలెంట్ (చిల్లును లోపలినుంచి మూసే ద్రవం) చాలని డబ్బా మీద ఉంటే ఉండనీ, ఇక్కడ 90 పోస్తాను. మన వేడికి రెండు మూడు నెలల్లో ఎండి లోపల పొర కడుతుంది, వాల్వు కోరు విప్పి పుల్ల ముంచి చూస్తే తెలుస్తుంది. పల్లేరు ముల్లు గుచ్చుకుంటే పీకేసి, ఆ చిల్లు కిందికి వచ్చేలా చక్రం తిప్పి అర నిమిషం ఆగాలి. బుస్సుమనడం ఆగకపోతే అప్పుడు చిల్లులో దూర్చే రబ్బరు ప్లగ్గు.

గాలి: 72 కిలోల మనిషికి ముందు 32, వెనక 36 పీఎస్ఐ. కొత్తగా పోసిన మొరం మీద ఇంకో మూడు తగ్గించొచ్చు. పైన వదులుగా ఉండే ఆ మొరంలో హ్యాండిల్ బిగించి పట్టుకుంటేనే పడతాం. వెనక్కి జరిగి కూర్చుని, తేలిక గేరులో ఆపకుండా తొక్కాలి, ముందు బ్రేకు ముట్టుకోకూడదు. టిప్పర్లు తిరిగే చోట నేల రేకులా అలలు దేలుతుంది, అక్కడ బాట నడుమ కంటే అంచు నయం.

టైరు రిమ్ము నుంచి ఊడితే చేతి పంపుతో మళ్లీ కూర్చోబెట్టడం కష్టం. ఊరి పంక్చర్ షాపు కంప్రెసర్ ఆదుకుంటుంది, కానీ వాళ్ల గొట్టం మన సన్న ప్రెస్టా వాల్వుకు పట్టదు. వేలెడంత కూడా లేని ఇత్తడి అడాప్టర్ జేబులో వేసుకోండి. లారీ టైర్లకు కొట్టే అలవాటులో వంద దాటించేస్తారు, టైరు అంచును పట్టి ఉంచే కొక్కెం లేని (హుక్‌లెస్) రిమ్ములకు 72 పీఎస్ఐ మించకూడదు. "అన్నా, నలభై చాలు" అని గాలి పెట్టకముందే చెప్పాలి.

శుక్రవారం నుంచి ఆదివారం దాకా చిలుకూరు బాలాజీ గుడి రోడ్డు కార్లతో నిండుతుంది. మంగళ, బుధవారాలు హాయి. కుదరకపోతే దారిని తిరగేసి, తెల్లవారకముందే చిలుకూరు దాటేయండి. ఫామ్‌హౌసుల దగ్గర కుక్కలు వెంటపడితే పరుగు పెట్టకుండా దిగి, సైకిల్‌ను మధ్యన అడ్డం పెట్టుకుని నడవాలి.

వానాకాలంలో బయలుదేరే ముందు ఇంకొకటి చూసుకోవాలి: గండిపేట 15 గేట్లలో ఏవైనా ఎత్తారా అని. ఎత్తితే కట్ట దిగువన నార్సింగి, మంచిరేవుల మధ్య ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు రోడ్డు మీదికి మూసీ ఎక్కుతుంది, పోలీసులు బారికేడ్లు పెడతారు. అలాంటి రోజు చుట్టు పూర్తి చేయాలని పట్టు పట్టకుండా మీర్జాగూడ నుంచే వెనక్కి తిరిగి, వచ్చిన ఎర్రమట్టి బాటనే మళ్లీ తొక్కుతాను.